పెద్ద నగరంలో తక్కువ ఖర్చుతో ఒక రోజు: మీరు ఎలా గడుపుతారు?

జేబుకిచిల్లు
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పెద్ద నగరానికి మారి ఎనిమిది నెలలైంది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాశానంటే అందరూ ఆ ఊళ్ళో చూడాల్సిన పది చోట్ల లిస్టు పెట్టేస్తారు. అలాంటి లిస్టులు నా ఫోన్లో ఇప్పటికే నాలుగున్నాయి. నా గోల వేరు.

ఇంట్లో నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప. ఆదివారం గడప దాటకపోతే ముగ్గురం ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటాం. అందుకని వెళ్తాం. "ఈసారి పైసా ఖర్చు పెట్టేది లేదు" అని ఒట్టు పెట్టుకుని మరీ వెళ్తాం. సాయంత్రం వచ్చి ఫోన్లో చూసుకుంటే నెల సరుకులకి అయ్యేంత అయిపోయి ఉంటుంది. పోనీ ఏదైనా గొప్పగా చూసొచ్చామా అంటే అదీ లేదు. ఈరోజు టికెట్టే లేని పార్కుకి వెళ్ళాం. అయినా అంతే అయింది! టికెట్టు లేని చోట అంత డబ్బు ఎలా తగలేశామో ఎవరైనా చెప్తారా?

నడకరాయుడు
ఆదివారం, రాత్రి 9:52

తిండి, బండి, బొమ్మ. ఏ ఊరైనా ఈ మూడే.

లెక్కలమాస్టారు
ఆదివారం, రాత్రి 10:31

నడకరాయుడు గారు మూడు ముక్కల్లో తేల్చేశారు. నేను కొంచెం సాగదీస్తాను, రిటైరైన మనిషిని, టైముంది.

బయటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఖర్చు నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఆరేళ్ళుగా ఇదే అలవాటు. మా ఇంటావిడకి ఇది పెద్ద నవ్వులాట. దేనికి ఎంత అని మాత్రమే రాసి ఉంటే నాకూ ఏమీ తెలిసేది కాదు. పక్కన టైము కూడా వేసేవాణ్ణి. ఒకరోజు ఊరికే తిరగేస్తుంటే విషయం బయటపడింది. పదకొండు లోపు పేజీ దాదాపు ఖాళీ. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు లోపల ముప్పాతిక వంతు పోతోంది. ప్రతిసారీ అంతే.

ఎందుకంటే అప్పటికి కాళ్ళు పీకుతుంటాయి, ఆకలి మండుతుంటుంది. అలసిపోయిన మనిషి బేరమాడడు. కనిపించిన మొదటి కుర్చీలో కూలబడతాడు. ఆ కుర్చీ అద్దె మెనూ కార్డులో కలిపేసి ఉంటుంది. అక్కడ పది నిమిషాలు కూర్చోగానే ఇక నడవబుద్ధి కాదు, ఇంటికి క్యాబ్ పిలుస్తాడు. మీరు పార్కులో పోగొట్టుకున్నది అంతా టికెట్టు లేకపోయినా ఇలాగే పోయి ఉంటుంది. సరిచూసుకోండి.

మ్యూజియంలలో ఈ అలసట సంగతి వందేళ్ళ కిందటే ఒకాయన పట్టుకున్నాడు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్. ఒక మనిషిని గాజు పెట్టెల ముందు నిలబెట్టి, కింద అరలో ఉన్న వస్తువు గురించి ప్రశ్నలడిగి, అతను జవాబు కోసం ఎంత వంగాడో, ఎలా గొంతుక్కూర్చున్నాడో ఫొటోలు తీయించాడు. 1916లో వాటిని అచ్చు వేశాడు. జనం మ్యూజియంలో తొందరగా డస్సిపోయేది వస్తువులు ఎక్కువై మాత్రమే కాదు, నడుము విరిగిపోయేలా అమర్చినందువల్ల కూడా అని ఆయన వాదన. ఆ ఫొటోలు చూశాక నేను కింద అరలు వదిలేశాను. నా వయసుకి అది చాలా పెద్ద నిర్ణయం.

జేబుకిచిల్లు
ఆదివారం, రాత్రి 10:50

మాస్టారూ, ఇప్పుడే చూశాను. మొదటి ఖర్చు 1:47. చివరిది 3:55, అదే క్యాబ్. మా ఆవిడకి చూపించాను. "ఈయనెవరో మన వెనకే వచ్చాడా" అంటోంది.

గంపెడాశ
ఆదివారం, రాత్రి 11:15

వారమంతా గాడిద చాకిరీ చేసి ఆదివారం కూడా నోటు పుస్తకమా? క్షమించాలి, నాకు ఈ పిసినారి పర్యటనలు ఎక్కవు. ఫ్రీ రోజు అనేసరికి ఊరంతా అక్కడే ఉంటుంది. బొమ్మ చూద్దామని వెళ్తే ముందువాడి తలకాయ కనిపిస్తుంది. ఒక్క రోజు శుభ్రంగా డబ్బు పెట్టి చూసి, మూడు వారాలు ఇంట్లో హాయిగా పడుకోవడం మేలు.

సగంటికెట్టు
సోమవారం, ఉదయం 6:20

గంపెడాశ గారూ, మీకు పిల్లలు లేరనుకుంటాను. మూడు వారాలు ఇంట్లో హాయిగా పడుకోనిచ్చే పిల్లల్ని నేనింకా చూడలేదు.

జేబుకిచిల్లు తమ్ముడూ, నాకు ఇద్దరు, ఆరూ పదీ. రెండే మాటలు చెప్తాను.

మొదటిది, పిల్లలకి రోజుకి ఒక్కటే చూపించు. మనం డబ్బులు గిట్టాలని అన్ని గదులూ తిప్పుతాం. వాళ్ళకి మొదటి గదిలోనే ఏదో నచ్చి ఉంటుంది, దాని దగ్గర నిలబడనివ్వం. టికెట్టు లేని చోట ఉన్న అసలు లాభం ఇదే. గంటసేపు ఒక్క ఏనుగు ఎముకల గూడు చూసి వచ్చేసినా ఎవరికీ బాకీ లేదు. ఇంకో వారం మళ్ళీ వెళ్ళొచ్చు. వాషింగ్టన్‌లో మా అక్క వాళ్ళు అలాగే చేసేవాళ్ళు. అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియంలకి టికెట్టు లేదు. పిల్లాడికి విమానాల పిచ్చి. నాలుగు నెలలు అదే మ్యూజియం, అదే గది.

రెండోది, బొమ్మ గొడవ. బయల్దేరే ముందు ఇంట్లోనే చిన్న మొత్తం పిల్ల చేతికి ఇచ్చెయ్. "ఇది నీది. కొనుక్కున్నా నీ ఇష్టం, దాచుకున్నా నీ ఇష్టం" అను. ఆ తర్వాత నోరెత్తకు. మా పెద్దది మొదటివారం పది నిమిషాల్లో ఊదేసింది. రెండోవారం దుకాణం ముందు నిలబడి వస్తువు తిప్పి తిప్పి వెనక ధర చూస్తుంటే నాకు నవ్వాగలేదు. అచ్చం మా అత్తగారిలాగే పెదవి విరిచి పెట్టేసింది.

లెక్కలమాస్టారు
సోమవారం, ఉదయం 7:05

సగంటికెట్టు అమ్మా, స్మిత్సోనియన్ మాటెత్తారు కాబట్టి ఒక చిన్న ముచ్చట. దానికి డబ్బు రాసిచ్చిన జేమ్స్ స్మిత్సన్ ఇంగ్లండు మనిషి. బతికుండగా అమెరికా గడ్డ మీద అడుగు పెట్టలేదు. ఆయన ఆస్తితో 1846లో ఆ సంస్థ పెట్టారు. తను చూడని ఊళ్ళో, తను చూడని జనానికి ఉచితం! (న్యూయార్క్‌లో ఉన్న డిజైన్ మ్యూజియం ఒకదానికి మాత్రం టికెట్టు ఉంది, వెళ్ళేవాళ్ళు గమనించండి.)

చివరిస్టాపు
సోమవారం, మధ్యాహ్నం 1:12

ఎవరూ బండి గురించి మాట్లాడట్లేదు కాబట్టి నేను ఎక్కుతున్నాను.

నా పద్ధతి చెప్తాను, నవ్వకండి. ఇంటి దగ్గర ఆగే బస్సుల్లో ఇప్పటిదాకా ఎక్కని నంబరు ఒకటి ఎంచుకుంటాను. ఎక్కి చివరి స్టాపుదాకా వెళ్తాను. అక్కడ దిగి అరగంట తిరిగి, అదే బస్సులో వెనక్కి వస్తాను. అంతే. వెళ్ళేటప్పుడు ఎడమ పక్క కిటికీ, వచ్చేటప్పుడు కూడా ఎడమ పక్కే. అప్పుడు రోడ్డుకి రెండు పక్కలూ చూసినట్టవుతుంది. చాలామంది వచ్చేటప్పుడు పక్క మార్చుకుని వెళ్ళేటప్పుడు చూసిందే మళ్ళీ చూస్తారు.

ఊరి మధ్యలో అద్దాల మేడలు. ఇరవై నిమిషాలకి బ్యాంకులు పోయి బట్టల కొట్లు, తర్వాత టైర్ల కొట్లు, తర్వాత మొక్కలమ్మే నర్సరీలు. నర్సరీలు కనిపించాయంటే ఊరు అయిపోతున్నట్టు లెక్క. చివరి స్టాపులో డ్రైవర్లు సీటు కవరు దులుపుకుంటూ, మొహం కడుక్కుంటూ ఉంటారు. పలకరిస్తే ఆ రూటు పుట్టుపూర్వోత్తరాలు చెప్తారు.

ఒక్క హెచ్చరిక. బయల్దేరే ముందు రోజు పాసు సంగతి చూసుకోండి. కొన్ని నగరాల్లో పాసు కొనక్కర్లేదు, ఒకే కార్డు తాకిస్తూ పోతే ఒక హద్దు దాటాక ఆరోజుకి ఇక డబ్బు కోయదు. లండన్‌లో అలాగే. కానీ ప్రతిసారీ అదే కార్డు తాకించాలి. నేను ఒకసారి కార్డు, ఒకసారి ఫోను వాడి రెండు లెక్కలు పడేలా చేసుకున్నాను. తప్పు నాదే.

ఇక పడవలు. నగరంలో నది గానీ, సముద్రపు పాయ గానీ ఉంటే విహారయాత్ర పడవ ఎక్కకండి, ఆఫీసుకెళ్ళే జనం ఎక్కే పడవ ఎక్కండి. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి 1997 నుంచి ఛార్జీయే లేదు. 25 నిమిషాల ప్రయాణం, దారిలో లిబర్టీ విగ్రహం కనిపిస్తుంది. అవతలి ఒడ్డున అందర్నీ దింపేస్తారు, చుట్టూ తిరిగి మళ్ళీ ఎక్కాలి. అది తెలియక సీట్లోంచి కదలనని భీష్మించుకున్న వాణ్ణి నేను.

నడకరాయుడు
సోమవారం, మధ్యాహ్నం 1:30

నర్సరీలు వస్తే ఊరు అయిపోయినట్టు. ఇది నిజం. ఇప్పటిదాకా నాకు తట్టలేదు.

జేబుకిచిల్లు
సోమవారం, రాత్రి 8:15

ఇక్కడ చదివినదంతా ఈరోజే అమలు చేశాను. పాపకి స్కూలు సెలవు, నేనూ సెలవు పెట్టాను. సోమవారం రద్దీ ఉండదు కదా అని నా తెలివి. డబ్బా కట్టుకున్నాం, నీళ్ళ సీసాలు నింపుకున్నాం, పాప చేతికి డబ్బులిచ్చాం. రెండు రైళ్ళు మారి పెద్ద మ్యూజియానికి వెళ్ళాం.

సోమవారం సెలవట.

గేటుకి బోర్డు వేలాడుతోంది. పాప ఆ బోర్డు పైకి చదివింది, ఒకసారి నా వంక చూసింది, ఏడుపందుకుంది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే భయంగా ఉంది.

అయితే ఒక విచిత్రం జరిగింది. మ్యూజియం పక్క సందులో ఏదో పెద్ద భవనం కడుతున్నారు. చుట్టూ రేకులు కొట్టారు. ఒక రేకుకి అరచేయంత కన్నం ఉంది. పాప ముక్కు చీదుకుంటూ వెళ్ళి ఆ కన్నానికి కన్ను ఆనించింది. ఇక రాలేదు. లోపల క్రేను ఉంది. ఇనుప చువ్వల కట్టలు లేపుతోంది, ఒక మనిషి కింద నిలబడి చేత్తో సైగలు చేస్తున్నాడు. వేళ్ళతో చిటికె వేసినట్టు చూపిస్తే మెల్లగా, చేయి తిప్పితే వేగంగా. ముప్పావు గంట చూసింది. నేను గడియారం పెట్టుకుని చూశాను. తర్వాత ఆ సందులోనే మెట్ల మీద కూర్చుని డబ్బా తిన్నాం. పాప రెండు ప్రశ్నలు వేసింది. ఒకటి, అంత ఎత్తు క్రేనుని అక్కడికి ఏ క్రేను ఎక్కించింది? రెండు, అందులో కూర్చున్న అంకుల్ బాత్రూముకి ఎలా వెళ్తాడు?

మొత్తం ఖర్చు రైలు ఛార్జీ మాత్రమే. కానీ దీన్ని గెలుపు అనాలో ఓటమి అనాలో తెలియట్లేదు.

సగంటికెట్టు
సోమవారం, రాత్రి 8:28

గెలుపే తమ్ముడూ. కానీ మీ ఆవిడ దగ్గర మాత్రం గెలుపని అనకు.

లెక్కలమాస్టారు
సోమవారం, రాత్రి 8:44

అయ్యో, ముందే చెప్పాల్సింది. ప్రపంచంలో చాలా మ్యూజియంలకి సోమవారమే సెలవు. ఆదివారం జనం తొక్కిపోతారు కదా, మర్నాడు దులుపుకుంటారు. అయితే అదీ నమ్మకం కాదు. పారిస్‌లో ఓర్సే మ్యూజియం సోమవారం మూస్తారు, లూవ్ర్ మంగళవారం మూస్తారు. వెళ్ళే ముందు రోజు రాత్రి వాళ్ళ సొంత వెబ్‌సైటు చూడడం ఒక్కటే దారి. మ్యాపులో "తెరిచి ఉంది" అని ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మకండి.

చివరిస్టాపు
సోమవారం, రాత్రి 9:03

పాప మొదటి ప్రశ్నకి జవాబు నాకు తెలుసు! మొదట పొట్టి క్రేనుని ఒక మొబైల్ క్రేనుతో నిలబెడతారు. ఆ తర్వాత అది తనంతట తనే పెరుగుతుంది. స్తంభం పైభాగాన బోను లాంటి చట్రం ఒకటి తొడుగుతారు. దానికున్న హైడ్రాలిక్ జాకీలు క్రేను తలకాయ మొత్తాన్ని కొంచెం పైకి ఎత్తుతాయి. కింద ఖాళీ ఏర్పడుతుంది కదా, క్రేనే కింద నుంచి ఒక కొత్త స్తంభం ముక్కని లేపి తెచ్చుకుంటుంది, దాన్ని ఆ ఖాళీలోకి తోసి బోల్టులు బిగిస్తారు. మళ్ళీ ఎత్తు, మళ్ళీ ముక్క. అంటే తన నిచ్చెనకి తనే మెట్లు వేసుకుంటూ ఎక్కుతుందన్నమాట.

రెండో ప్రశ్నకి కూడా తెలుసు గానీ ఇక్కడ రాయను.

ఒంటరిపిట్ట
సోమవారం, రాత్రి 10:10

చాలాకాలంగా చదువుతున్నాను, ఇదే మొదటిసారి రాయడం. నేను చదువుకుంటున్నాను, హాస్టల్లో ఉంటాను. నాకు తక్కువ ఖర్చు అంటే నిజంగా తక్కువ ఖర్చు. కుటుంబాల సంగతి నాకు తెలియదు, ఒంటరి ఆడపిల్లకి ఇంకో లెక్క ఉంటుంది. చవగ్గా ఉంటే సరిపోదు, రెండు గంటలు ఒక్కదాన్నే కూర్చున్నా ఎవడూ వచ్చి పక్కన కూర్చోకూడదు.

అలాంటి చోట్లు నాకు మూడు దొరికాయి. ఒకటి, పాత పెద్ద లైబ్రరీ చదువుల గది. రెండు, వర్సిటీ సంగీత విభాగాల్లో విద్యార్థుల కచేరీలు. పరీక్షల కాలం దగ్గరపడితే వాళ్ళకి వినేవాళ్ళు కావాలి, మనకి వినడానికి కావాలి. ఒకమ్మాయి మధ్యలో తడబడి ఆగింది. కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. ఆ హాల్లో మేం పదకొండు మందిమే. ఎవరూ కదల్లేదు.

మూడోది చెప్తే మా ఫ్రెండ్స్ నవ్వుతారు. కోర్టు. చాలా దేశాల్లో విచారణలు బహిరంగంగా జరుగుతాయి, ఎవరైనా వెనక కూర్చుని వినొచ్చు. లండన్‌లో ఓల్డ్ బెయిలీ అనే పెద్ద క్రిమినల్ కోర్టుకి ప్రత్యేకంగా జనం కూర్చునే గ్యాలరీయే ఉంది, టికెట్టు లేదు. ఫోను తీసుకెళ్ళనివ్వరు, అక్కడ దాచుకునే చోటూ ఉండదు, 14 ఏళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు. అక్కడ కూర్చున్న రోజు నాకు తెలిసిందేంటంటే, న్యాయవాదులు అరవరు. కాగితాలు వెతుక్కుంటారు. చాలాసేపు వెతుక్కుంటారు.

నడకరాయుడు
సోమవారం, రాత్రి 10:22

ఒంటరిపిట్ట గారూ, తరచూ రాస్తూ ఉండండి.

జెండాపట్టినవాడు
మంగళవారం, ఉదయం 11:40

"ఫ్రీ వాకింగ్ టూర్" గురించి ఎవరైనా రాస్తారని చూస్తున్నాను. ఎవరూ రాయలేదు, నేనే రాస్తాను. అలాంటి టూర్లకి గైడుగా రెండేళ్ళు జెండా పట్టుకుని నడిచినవాణ్ణి. ఎక్కడో, ఎవరి దగ్గరో చెప్పను.

అది ఫ్రీ కాదు. చివర్లో మీరు తోచినంత ఇస్తారని నమ్మి గైడు రెండు గంటలు ఎండలో నడుస్తాడు. చాలా చోట్ల వచ్చిన ప్రతి తలకీ ఇంత అని గైడే కంపెనీకి కడతాడు. నాదీ అదే లెక్క. ఒకరోజు ముప్ఫై మంది వచ్చారు. చివరి చౌరస్తా రాకముందే ఒక్కొక్కరూ జారుకున్నారు. ఆఖరికి నా ముందు మిగిలింది ఏడుగురు. కంపెనీకి కట్టింది మాత్రం ముప్ఫై తలలకి. ఆరోజు నేను పని చేసి ఎదురు డబ్బులిచ్చి ఇంటికెళ్ళాను.

డబ్బు లేకపోతే రావద్దని కాదు నా మాట. మొదట్లోనే మెల్లగా చెవిలో చెప్పండి, "బాబూ నా దగ్గర ఇంతే ఉంది" అని. ఎవరూ ఏమీ అనరు. మధ్యలో మాయమవకండి, అంతే.

గంపెడాశ
మంగళవారం, మధ్యాహ్నం 12:05

నేను చెప్పేది కూడా ఇదే కదా? మీకు ఫ్రీ అంటే ఇంకెవరో కడుతున్నారని అర్థం.

లెక్కలమాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 12:48

గంపెడాశ గారి మాటలో సగం నిజముంది. కానీ ఆ ఇంకెవరో చాలాసార్లు మనమే. ప్రభుత్వ మ్యూజియం మన పన్నుతోనే నడుస్తుంది, గేటు దగ్గర మళ్ళీ ఎందుకు కట్టాలి అన్న వాదన పాతదే. లండన్‌లో కొన్ని జాతీయ మ్యూజియంలకి మధ్యలో టికెట్టు పెట్టి, 2001 డిసెంబరులో తీసేశారు. బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచిన నాడే ఉచితం.

కాకపోతే గాలి రెండో వైపుకి కూడా వీస్తోంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎవరైనా తోచినంత ఇచ్చి లోపలికి పోయేవాళ్ళు. 2018 మార్చి నుంచి బయటి వాళ్ళలో చాలామందికి ఆ వీలు పోయింది, న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి మిగిలింది. రోమ్‌లో పాంథియాన్ అనే పురాతన కట్టడానికి 2023లో టికెట్టు పెట్టారు. వెనిస్‌లో అయితే 2024 నుంచి కొన్ని రోజుల్లో, రాత్రి ఉండకుండా ఊరు చూసి పోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుమే వసూలు చేస్తున్నారు. ఊరికే టికెట్టు!

కాబట్టి జేబుకిచిల్లు గారూ, మీరు ఆ నగరంలో ఉంటున్నట్టు చూపించే కాగితం ఏదైనా జేబులో పెట్టుకోండి. స్థానికులకి వేరే ధర ఉందేమో అడగండి. అడగడానికి సిగ్గుపడి నేను నాలుగేళ్ళు పూర్తి టికెట్టు కొన్నాను. పుస్తకంలో ఉంది.

రద్దీ గురించి ఒక మాట. ఉచితం అనేది రోజంతా కాకుండా గంటల లెక్కన ఉండే చోట్లు వెతకండి. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం మూసే ముందు చివరి రెండు గంటలు టికెట్టు అడగరు. క్యూ పొడుగ్గా ఉంటుంది, నిజమే. కానీ రెండే గంటలు కాబట్టి అన్నీ చూసేయాలన్న యావ ఉండదు, గిల్మన్ గారి అలసటా రాదు. నేను రెండు బొమ్మలు చూసి బయటపడ్డాను.

నడకరాయుడు
మంగళవారం, సాయంత్రం 6:15

నా వంతు. క్లుప్తంగా చెప్తాను.

ఎత్తైన చోటికి డబ్బు పెట్టకండి. ప్రతి నగరంలోనూ పైకెక్కి చూడడానికి జేబు ఖాళీ చేసే టవరు ఒకటి ఉంటుంది. టికెట్టు లేకుండా ఎక్కే మేడ ఏదైనా ఉందేమో ముందు వెతకండి. టోక్యోలో నగర ప్రభుత్వ కార్యాలయం 45వ అంతస్తు, నేల నుంచి 202 మీటర్లు. లిఫ్టులో తీసుకెళ్తారు, దమ్మిడీ అడగరు.

నీళ్ళు కొనకండి. రోమ్‌లో వీధి వీధికీ ఇనుప పంపులున్నాయి, సుమారు 2,500. 1874 నుంచి ఉన్నాయి. ముక్కులా కిందికి వంగిన గొట్టంలోంచి నీళ్ళు ధారగా పోతూనే ఉంటాయి. చాలామంది దోసిలి పట్టి వంగి తాగుతారు. అక్కడివాళ్ళు ఏం చేస్తారంటే, ముక్కు చివర వేలు అడ్డు పెడతారు. గొట్టం పైన చిన్న కన్నం ఉంటుంది, అందులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి. నిలబడే తాగొచ్చు. మొదటిసారి నేను వేలు మరీ గట్టిగా నొక్కాను. కళ్ళజోడుతో సహా తడిశాను. పక్కన ముసలాయన ఏమీ అనలేదు, తన రుమాలు ఇచ్చాడు.

అన్నిటికంటే ముఖ్యం, మంచి చెప్పులు. చెప్పుల దగ్గర పొదుపు చేస్తే ఆ డబ్బు క్యాబ్‌వాడికి పోతుంది.

చివరిస్టాపు
మంగళవారం, రాత్రి 9:20

స్టేషన్లు మర్చిపోకండి! ప్లాట్‌ఫారం దాకా వెళ్ళకుండా పాత రైల్వే స్టేషను హాల్లో కూర్చున్నా గంట గడుస్తుంది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషను 1913 నాటిది. పై కప్పు మీద నక్షత్రాలు గీశారు గానీ బొమ్మ అటుదిటు తిరగబడింది, ఆకాశాన్ని అద్దంలో చూసినట్టు ఉంటుంది. కింద ఒకచోట నాలుగు మూలల నుంచి పలకల కమానులు లేచి నడినెత్తిన కలుస్తాయి. ఒకళ్ళు ఒక మూల గోడకి మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే, ఎదుటి మూల గోడకి చెవి ఆనించినవాళ్ళకి పక్కన నిలబడి చెప్పినట్టు వినిపిస్తుంది. శబ్దం కమాను వంపు పట్టుకుని పాకుతుందన్నమాట. మధ్యలో నిలబడిన వందమందికి ఒక్క ముక్క వినపడదు. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. అవతల మూల ఎవరో తెలియని పిల్లాడు "హలో" అన్నాడు. నేను తెలుగులో "ఏరా" అన్నాను. వాడు వాళ్ళమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

ఒంటరిపిట్ట
మంగళవారం, రాత్రి 9:41

ఈ ఒక్క పోస్టు కోసం నేను అకౌంటు తెరిచినా నష్టం లేదు.

గంపెడాశ
మంగళవారం, రాత్రి 11:02

సరే, కొంత ఒప్పుకుంటాను. కానీ నా పద్ధతీ వినండి. నేను నెలకి ఒకే ఒక్కదానికి పెద్ద టికెట్టు కొంటాను. నాటకం గానీ, కచేరీ గానీ, మంచి సీటు. ఆరోజు మిగతా అంతా నడకే, తిండి ఇంట్లోనే తిని వెళ్తాను. ఎవడైనా పిసినారి అంటే ఆ టికెట్టు చూపిస్తాను. అన్నింట్లోనూ కొంచెం కొంచెం కోసుకుంటూ పోతే రోజు రోజంతా నీళ్ళు కలిపినట్టు ఉంటుంది. అదీ నా బాధ.

సగంటికెట్టు
బుధవారం, ఉదయం 6:15

ఇది మీరు మొదటే చెప్పి ఉంటే మీతో పోట్లాడేదాన్ని కాదు కదండీ!

జేబుకిచిల్లు
ఆదివారం, రాత్రి 8:30

వారం తర్వాత మళ్ళీ నేనే. ఈరోజు చివరిస్టాపు అన్న పద్ధతి. పాప నంబరు ఎంచుకుంది, 8తో మొదలయ్యేదే కావాలంది. గంటా పది నిమిషాల ప్రయాణం. నర్సరీలు వచ్చాయి! "నాన్నా, ఊరు అయిపోతోంది" అని బస్సంతా వినపడేలా అరిచింది. ముందు సీటావిడ కంగారుపడి వెనక్కి తిరిగింది.

చివరి స్టాపులో ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. ఒక చెరువు గట్టు, నాలుగు కొట్లు, పిచ్చి మొక్కలు. మా ఆవిడ గట్టు మీద చెట్టుకింద దుప్పటి పరిచి పడుకుంది. పెళ్ళయ్యాక పగటిపూట ఆమె నిద్రపోవడం చూడ్డం ఇదే మొదటిసారి. పాపా నేనూ రాళ్ళతో నీళ్ళ మీద కప్పగంతులు వేయించాం. నాది నాలుగు, పాపది రెండు. ఒంటిగంటకే డబ్బా తెరిచాం, మాస్టారు చెప్పిన గండం దాటేశాం. మూడున్నరకి తిరుగు బస్సు, ఎడమ పక్క కిటికీ.

పాపకి ఇచ్చిన డబ్బులు అలాగే ఉన్నాయి. ఎందుకే అంటే బైనాక్యులర్లు కొనుక్కుంటుందట, క్రేను అంకుల్ని చూడాలట. వచ్చే ఆదివారం మళ్ళీ ఆ రేకు కన్నం దగ్గరికే వెళ్దామంటోంది, స్తంభం ముక్కలు ఎన్ని పెరిగాయో లెక్కపెట్టాలి. పోయినసారి పదకొండు ఉన్నాయని పుస్తకంలో రాసుకుంది. అవును మాస్టారూ, దానికీ ఒక నోటు పుస్తకం వచ్చింది.

లెక్కలమాస్టారు
ఆదివారం, రాత్రి 8:41

టైము కూడా వేయమనండి.

సగంటికెట్టు
ఆదివారం, రాత్రి 8:55

తమ్ముడూ, ఇది చదివి మా చిన్నవాడు మన ఊళ్ళో క్రేను ఎక్కడుందని ప్రాణం తీస్తున్నాడు. మా వీధి చివర ఒకటి ఉంది గానీ రేకులన్నీ కొత్తవి, ఒక్క కన్నం కూడా లేదు. ఇంతకీ మీ పాప చూసింది నేల నుంచి ఎంత ఎత్తులో? వీడు మూడున్నర అడుగులే.